ప్రాజెక్టు డైరీ: కరెంటు పోయినా బేస్ నిలవాలి

మార్చి 9

పొద్దున్నే సర్వర్ లాగ్ (ఆటలో జరిగినదంతా నమోదయ్యే చిట్టా) తెరిస్తే గుండె జారిపోయింది. పోయిన పదిహేను రోజుల్లో మా గేమ్‌లో ఆటగాళ్ళు ఆకాశంలో కట్టుకున్న సొంత స్థావరాలు, 11 బేస్‌లు పోయాయి. వాటిలో ఎవరో వచ్చి కొట్టి పడగొట్టినది ఒక్కటీ లేదు. ఒక్క గుండు పేలకుండా, ఎవరికీ తెలియకుండా, వాటంతట అవే పోయాయి.

ఎందుకు పోయాయో కనుక్కుందామని యజమానులకి మెసేజ్‌లు పెట్టాను. ఒకబ్బాయికి పరీక్షలు. ఒకబ్బాయి అక్క పెళ్ళికి అన్నవరం వెళ్ళాడు. గాజువాకలో ఉండే ఒకాయనకి షిఫ్ట్ మారింది. ఇంకొకరి ల్యాప్‌టాప్ రిపేర్‌లో ఉంది. ఓడిపోయామని ఎవరూ బాధపడలేదు. "మళ్ళీ మొదటినుంచి కట్టే ఓపిక లేదండీ" అన్నారు. 11 మందిలో ఏడుగురిది అదే మాట.

ఈ డైరీ మొదటిసారి చదివేవాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ఎం.వి.పి. కాలనీలో మా మేడ మీద గదిలో ముగ్గురం కలిసి రెండేళ్ళుగా ఒక ఆన్‌లైన్ అంతరిక్ష గేమ్ కడుతున్నాం. సర్వర్ కోడ్ నాది. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ ఇంజిన్‌లో ఆట కనిపించే భాగమంతా మా బావ చూస్తాడు. ధరలు, సరకులు, లెక్కల షీట్లు మా చెల్లివి. ప్రస్తుతం 64 మంది టెస్టర్లు ఉన్నారు. ఎక్కువమంది విశాఖ, అనకాపల్లి, విజయనగరం వాళ్ళు. కొంతమంది డల్లాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు. ఓడ కొనుక్కోవచ్చు, సరకు తోలుకోవచ్చు, గనులు తవ్వుకోవచ్చు, దోచుకోవచ్చు. 25 లక్షల క్రెడిట్లు కూడబెడితే సొంత బేస్ పెట్టుకోవచ్చు. రోజుకి గంటో రెండు గంటలో ఆడేవాళ్ళకి అది మూడు వారాల కష్టం.

బేస్ పెట్టాక దాన్ని పోషించాలి. మొదటి కోర్ (మొదటి స్థాయి) బేస్ గంటకి 10 యూనిట్ల ఆహారం, 10 నీళ్ళు, 10 ఆక్సిజన్ తింటుంది. రోజుకి 720 యూనిట్లు. దాని గోదాంలో పట్టేది 4,000. అంటే నిండా నింపి వెళ్ళినా అయిదున్నర రోజులు. ఆ తర్వాత సిబ్బంది చనిపోతారు, రెండు రోజుల్లో కవచం కరిగిపోతుంది, బేస్ మాయం. ఈ అంకెలు పెట్టింది నేనే. అప్పట్లో చాలా న్యాయంగా అనిపించాయి.

మార్చి 9, రాత్రి

నిద్ర పట్టలేదు. కారణం నాకు తెలుసు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఒక ఆన్‌లైన్ గేమ్‌లో నాకు చిన్న స్టేషన్ ఉండేది. పెద్ద గొప్పదేం కాదు. నాలుగు నెలలు కాలేజీ బ్యాగులో నోట్‌బుక్ పెట్టుకుని, ఏ సరకు ఎక్కడ కొనాలో రాసుకుని కట్టుకున్నది. తుపాను రోజు మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి. కరెంటు ఆరో రోజుకి వచ్చింది. నెట్ ఇంకా ఆలస్యం. నెట్ వచ్చాక లాగిన్ అయి చూస్తే నా స్టేషన్ ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ. "నిర్వహణ లేనందున తొలగించబడింది" అనే అర్థం వచ్చే ఒక్క లైను మెసేజ్.

ఊరంతా నీళ్ళకీ పాలకీ క్యూల్లో నిలబడిన రోజులవి. ఇంట్లో ఎవరితో చెప్పుకోను, నా స్టేషన్ పోయిందని? ఆ గేమ్ మళ్ళీ తెరవలేదు. పదకొండు మందికి ఇప్పుడు నేను అదే పని చేశాను.

మార్చి 11

బేస్‌ల పోషణ ఖర్చు తీసేద్దామా అని బావతో రెండు గంటలు వాదన. బావ అన్నది తప్పేం కాదు. "ఖర్చు తీసేస్తే ఏటవుద్దో తెలుసా? ఆర్నెల్లకి ఆకాశం నిండా పాడుబడ్డ బేస్‌లే. కొత్తగా వచ్చినోడికి చోటుండదు."

నిజమే. ఈ సమస్య మాకు కొత్తగా వచ్చింది కాదు. 1997లో వచ్చిన గేమ్ అల్టిమా ఆన్‌లైన్‌లో కూడా ఆటగాళ్ళు కట్టుకున్న ఇళ్ళకి యజమాని అప్పుడప్పుడూ రాకపోతే శిథిలమయ్యే పద్ధతి ఉండేది. 2003 నాటి ఫ్రీలాన్సర్ గేమ్‌కి అభిమానులు మార్పులు చేసి తయారుచేసిన డిస్కవరీ మాడ్‌లో ఆటగాళ్ళ బేస్‌లకి సిబ్బంది, ఆహారం, నీళ్ళు, ఆక్సిజన్ కావాలి. మా మొదటి డిజైన్ చాలావరకు దాన్ని చూసి నేర్చుకున్నదే. ఎలీట్ డేంజరస్‌లో 2020లో ఫ్లీట్ క్యారియర్లు (ఆటగాళ్ళు కొనుక్కునే పెద్ద ఓడలు) వచ్చాయి. ఒక్కోటి 500 కోట్ల క్రెడిట్లు, దాని మీద వారం వారం ఖర్చు. విడుదలకి ముందు పరీక్షగా (బీటాలో) ఆడినవాళ్ళు గోల పెడితే ఆ వారం ఖర్చు బాగా తగ్గించారు. గేమ్ పెద్దదైనా చిన్నదైనా ఈ అంకె దగ్గర చెయ్యి కాలుతుంది.

నాకు ఎక్కువ పనికొచ్చింది ఈవ్ ఆన్‌లైన్. 2014 జనవరి 27, 28 తేదీల్లో బీ-ఆర్ 5ఆర్‌బీ అనే నక్షత్ర వ్యవస్థలో జరిగిన యుద్ధం గురించి ఈ గేమ్‌లు ఆడేవాళ్ళందరికీ తెలుసు. ఆటలోకెల్లా పెద్ద ఓడలు, టైటాన్లు, 75 ఒక్కరోజులో కాలిపోయాయి. అంత యుద్ధానికి మొదలు ఏమిటంటే, ఆ వ్యవస్థ మీద హక్కుకి కట్టాల్సిన బిల్లు ఒకటి కట్టబడలేదు. అంతే. హక్కు జారిపోయింది, ఎదుటివాళ్ళు వచ్చేశారు.

రెండూ బిల్లు కట్టకపోవడమే. అక్కడ అది వేలమంది చెప్పుకునే కథ అయింది, మా దగ్గర 11 మంది వెళ్ళిపోయారు. తేడా ఎక్కడుంది? అక్కడ బిల్లు కట్టకపోతే తలుపు తెరుచుకుంది. ఎవరో రావాలి, ఎవరో కొట్టాలి, కాపాడుకునేవాళ్ళు కాపాడుకోవచ్చు. మా గేమ్‌లో బిల్లు కట్టకపోతే ఇల్లే కూలిపోతోంది.

అదే ఈవ్‌లో 2020లో ఇంకో మార్పు చేశారు. ఇంధనం లేకుండా ఏడు రోజులు దాటిన కట్టడాన్ని వదిలేసినదిగా లెక్కేస్తారు. అప్పుడు దాన్ని పడగొట్టడం చాలా తేలిక, లోపలి సరకు కూడా బయటపడుతుంది. పాడుబడ్డ కట్టడాలు ఆకాశంలో పేరుకుపోకుండా ఆటగాళ్ళే ఊడ్చేస్తారు. బావ భయానికి జవాబు అందులోనే ఉంది.

కాబట్టి ఇవాళ్టి నిర్ణయం: మా సర్వర్ తనంతట తాను ఏ బేస్‌నీ చంపదు. సరకు అయిపోతే ముందు దుకాణాలు మూతపడతాయి. తర్వాత దెబ్బలు ఆపే షీల్డ్ ఆరిపోతుంది. 14 రోజులు దాటితే ఎవరైనా ఎప్పుడైనా వచ్చి కొట్టొచ్చు. కానీ కొట్టాలి. మనిషి రావాలి. బావ ఒప్పుకున్నాడు. కోడ్‌లో 'బేస్ తొలగించు' అనే ఫంక్షన్‌ని టైమర్ పిలిచే లైను నా చేత్తో కొట్టేశాను.

మార్చి 17

చంపడం ఆపాం సరే, పోషణ సంగతి? రోజుకి 720 యూనిట్లు యజమానే మోయాలంటే అది ఆట కాదు, ఇంటి ముందు కుళాయి దగ్గర బిందెలు మోసినట్టు. చెల్లి ఒక మాట అంది: "అన్నయ్యా, బేస్ యజమాని సరకు మొయ్యకూడదు. సరకు మోసేవాళ్ళకి డబ్బులివ్వాలి."

దాంతో కొనుగోలు బోర్డు పెట్టాం. బేస్ తనకి కావలసినది, ఇచ్చే ధర బోర్డు మీద పెడుతుంది. ఆ దారిన పోయే ఎవరైనా తెచ్చి అమ్మొచ్చు. సగటున యూనిట్‌కి 25 క్రెడిట్లు వేసుకుంటే రోజుకి 18,000 ఖర్చు. మరి బేస్‌కి డబ్బు ఎక్కడిది? ఖనిజం శుద్ధి చేసి ఇస్తే యూనిట్‌కి 2 క్రెడిట్ల రుసుము. ఒక గని ఓడ 3,000 యూనిట్లు తెస్తే 6,000. రోజుకి మూడు ఓడలు ఆగితే ఖర్చు సరిగ్గా సరిపోతుంది. నాలుగోది లాభం.

ఈ మూడు అనే అంకె కోసం చెల్లి నాలుగు రోజులు కూర్చుంది. మొదట ఒక ఓడకే సరిపోయేలా పెడితే యజమాని తన ఇంకో ఓడతో తనే వచ్చి వెళ్ళి బతికేస్తాడు, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఆరు పెడితే మారుమూల నక్షత్ర వ్యవస్థల్లో ఒక్క బేసూ నిలవదు. మూడైతే యజమాని కాక కనీసం ఇద్దరితో మాట కలపాలి, ధర సర్దుకోవాలి, దారిలో దొంగలుంటే వాళ్ళ సంగతి చూడాలి.

ఇంకో మంచి కూడా జరుగుతుందని అనుకుంటున్నాను. పెద్ద గుంపులు తొమ్మిది, పది బేస్‌లు పెట్టి కూర్చుంటున్నాయి. ఎక్కువ బేస్‌లుంటే ఎక్కువ పన్ను అని రూలు పెడితే, గుంపుని నాలుగు పేర్లతో చీల్చేస్తారు. అది పట్టుకోవడం మా తరం కాదు. కానీ వచ్చే ఓడలు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి కదా. పదో బేస్‌కి ఓడలు రాకపోతే దాని ఖర్చు అదే వాళ్ళకి భారమవుతుంది.

మార్చి 30

బావ పట్టుదల వల్ల మూడు రోజులు నిజమైన సైన్సు లెక్కలు. మనిషికి రోజుకి సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలని నాసా లెక్క. 200 మంది సిబ్బందికి 168 కిలోలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వాడిన నీళ్ళలో 98 శాతం మళ్ళీ తాగేలా శుద్ధి చేయగలుగుతున్నారు. నిజానికి దగ్గరగా పోతే మా బేస్‌కి నీళ్ళు దాదాపు అక్కర్లేదు. నీళ్ళు అక్కర్లేకపోతే నీళ్ళు మోసే ఓడా ఉండదు. బావే చివరికి "వద్దులే" అన్నాడు. గంటకి పదే ఉంచాం.

ఏప్రిల్ 4

ముట్టడి వేళలు. ఇది తేలికగా అయిపోతుందనుకున్నాను, వారం పట్టింది.

ఎవరి బేస్‌నైనా అర్ధరాత్రి నిద్రలో ఉండగా పడగొడితే అది ఆట కాదు. అందుకని రోజుకి రెండు గంటలు మాత్రమే బేస్‌కి దెబ్బ తగిలేలా పెట్టాం. ఆ రెండు గంటలు యజమానే ఎంచుకోవచ్చన్నాం. దాడి చేసేవాళ్ళు 24 గంటల ముందు నోటీసు ఇచ్చి, 50,000 క్రెడిట్ల ఫీజు కట్టి ముట్టడి ప్రకటించాలి. మర్నాడు చూస్తే 27 బేస్‌లలో 19 తెల్లవారుజామున మూడు నుంచి అయిదు ఎంచుకున్నాయి. అప్పుడు వచ్చేవాళ్ళెవరు?

సరే, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు లోపల ఎంచుకోమన్నాం. అప్పుడు డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఒరేయ్, మీకు రాత్రి తొమ్మిదంటే మాకు పొద్దున్న పదిన్నర. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉంటే నా బేస్ ఎవరు చూస్తార్రా?" అక్క చెప్పింది న్యాయం. మనకి పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది అంటే వాళ్ళకి ముందురోజు రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర. ఆ వేళ కూడా కలిపాం.

అయితే విశాఖవాళ్ళు కూడా పొద్దున్న ఆరు పెట్టుకుంటారుగా? అందుకని ఇక యజమానిని అడగడం మానేశాం. గత 30 రోజుల్లో ఆ బేస్ మనుషులు ఏ వేళల్లో ఎక్కువ ఆడారో సర్వరే చూసి, ఆ రెండు గంటలు ఖాయం చేస్తుంది. ఊరికే లాగిన్ అయి వదిలేస్తే లెక్కలోకి రాదు. బేస్‌కి చేరడం, బయల్దేరడం, కొనడం, అమ్మడం, ఇవే లెక్క. అలా పెట్టాక ముట్టడి వేళ అంటే యజమానులు ఎలాగూ కూర్చునే వేళ అయింది.

ఏప్రిల్ 16

నిన్నటి నుంచి వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మా చిన్న మావయ్యకి ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటులో సగం వాటా ఉంది. అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఇవ్వడానికి పొద్దున్న వెళ్ళాను.

జెట్టీ పొడవునా బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. మామూలుగా ఆ వేళకి ఐసు బండ్ల చప్పుడు, వేలంపాటల అరుపులు చెవులు చిల్లులు పడేలా ఉంటాయి. ఇవాళ తాళ్ళు కిర్రుమనే చప్పుడు కూడా వినబడింది. మావయ్య బోటు అంచు మీద కూర్చుని వల పాడైన చోట నూలు తీసి మళ్ళీ అల్లుతున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి, చెక్క సూది అటూ ఇటూ తిప్పుతుంటే చేతులు చూడక్కర్లేకుండానే ముడి పడిపోతోంది.

ఊరికే అడిగాను, ఈ రెండు నెలలూ ఖర్చు ఎంతవుతుందని.

"బోటు ఒడ్డునున్నా ఖర్చు ఆగదురా. కాపలా మనిషుండాల, రంగెయ్యాల, ఇంజినొకసారి ఇప్పి చూసుకోవాల. అయితే ఏటకెల్లినప్పటి ఖర్చు ఏరు, ఒడ్డునున్నప్పటి ఖర్చు ఏరు. డీజిలు లేదు, ఐసు లేదు, కలాసీలకి రేసను లేదు. ఒడ్డునున్న బోటుకి కూడా అదే ఖర్చయితే ఇక్కడ ఒక్క బోటు మిగల్దు."

నెల రోజులుగా వెతుకుతున్న మాట అది. మా బేస్‌కి ఒడ్డు లేదు. తెరిచి ఉండాలి, లేదా చావాలి. మధ్యలో ఏమీ పెట్టలేదు.

ఇంటికొచ్చి రాత్రికే రాసేశాను. పేరు 'లంగరు'. యజమాని బేస్‌కి లంగరు వేస్తే ఖర్చు పదో వంతు అవుతుంది. రోజుకి 720 బదులు 72 యూనిట్లు. దుకాణం, శుద్ధి, ఓడల రాకపోకలు అన్నీ బంద్. గోదాం నిండా ఉంటే 55 రోజులు వస్తుంది, ఒక్కసారి ఎవరితోనైనా కొంచెం నింపించుకుంటే 61 దాటుతుంది. ఏడాదికి మొత్తం 61 రోజులే లంగరు వేయొచ్చు. అంత సేపూ దాన్ని ఎవరూ కొట్టలేరు. వేయడానికి 48 గంటల ముందు చెప్పాలి, ముట్టడి నోటీసు వచ్చాక కుదరదు. 61 ఎందుకని టెస్టర్లు అడిగితే హార్బర్‌కి వెళ్ళి చూడమని చెబుతాను.

ఏప్రిల్ 29

అనుకున్నంతా అయింది. ఒక పెద్ద గుంపు మంచి గనులున్న అయిదు చోట్ల బేస్‌లు పెట్టి వెంటనే లంగరు వేసేసింది. మా బేస్‌ల మధ్య కనీస దూరం ఉండాలనే రూలు ఒకటుంది కాబట్టి, ఇంకెవరూ అక్కడ బేస్ పెట్టలేరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపినట్టే.

వాళ్ళని తిట్టాలనిపించలేదు. రూలు అలా ఉంది, వాడుకున్నారు. ఇకనుంచి లంగరులో ఉన్న బేస్‌కి దూరం రూలు వర్తించదు, గని మీద హక్కూ ఉండదు. పక్కన ఎవరైనా వచ్చి బేస్ పెట్టుకోవచ్చు. నిద్ర లేచి చూస్తే పక్కింటివాడు ఉంటాడు, అంతే. కొత్తగా పెట్టిన బేస్‌కి మొదటి 30 రోజులు లంగరు లేదు.

మే 10

ముట్టడి లెక్కలు. ఈ భాగం నాకు చాలా ఇష్టం కాబట్టి వివరంగా రాస్తాను.

మొదటి కోర్ బేస్ కవచం 12,00,000 పాయింట్లు. ఒక మామూలు యుద్ధ ఓడ సెకనుకి 60 పాయింట్ల దెబ్బ కొడుతుంది. ఎంతమంది వచ్చినా సెకనుకి 500 మించి దెబ్బ తగలకుండా ఆనకట్ట పెట్టాం. లేకపోతే 40 మంది వచ్చి సుమారు తొమ్మిది నిమిషాల్లో ముగించేస్తారు, కాపాడేవాళ్ళు ఓడ ఎక్కేలోపే అయిపోతుంది. ఈవ్‌లో కూడా 2016 నాటి సిటడెల్ కట్టడాలకి ఇలాంటి పరిమితి ఉంది.

ఇటు బేస్ తనని తాను బాగుచేసుకుంటుంది, సెకనుకి 200. కానీ ఊరికే కాదు. రిపేరు పలకలు కావాలి. ఒక పలకకి 400 పాయింట్లు, అంటే రెండు సెకన్లకి ఒక పలక. గోదాంలో పలకలు 2,500 వరకే పడతాయి. 83 నిమిషాల 20 సెకన్లకి అయిపోతాయి. ముట్టడి 120 నిమిషాలు. చివరి 36 నిమిషాల 40 సెకన్లు బేస్ ఒంటి మీద బట్ట లేకుండా నిలబడాలి.

చెల్లి షీట్‌లో వేసి చూపించింది. నాలుగు ఓడలు వస్తే భయం లేదు. అయిదు వస్తే రెండు గంటలయ్యేసరికి 11,60,000 దెబ్బ, 40,000తో బతుకుతుంది. ఆరు వస్తే 102వ నిమిషంలో పడిపోతుంది. ఆరుగురి మీద గెలవాలంటే కనీసం 981 పలకలు ముట్టడి మధ్యలోంచి లోపలికి తేవాలి.

అది చూసి బావ కుర్చీలోంచి లేచాడు. "ఒరే, అంటే ఫిరంగులు గట్టిగా ఉన్నోడు కాదు, సరకు ఓడ లోపలికి తెచ్చినోడు గెలుస్తాడ్రా." అవును. కొత్తగా చేరి ఒక్క సరకు ఓడ మాత్రమే ఉన్నవాడు కూడా యుద్ధాన్ని తిప్పగలడు. ఆనకట్టని 500 దగ్గర, గోదాంని 2,500 దగ్గర ఆపింది దీనికోసమే.

మే 23

ఇవాళ రాత్రి నిజంగా జరిగింది.

'భీమిలి' అనే బేస్, యజమానులు ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు. ముట్టడి వేళ తొమ్మిది నుంచి పదకొండు. సరిగ్గా ఆరు ఓడలు వచ్చాయి. మేం ముగ్గురం అడ్మిన్ స్క్రీన్ ముందు. ఎవరి పక్షాన వేలు పెట్టకూడదని మా నియమం. కుర్రాళ్ళిద్దరూ తమ ఓడలతో తిరగబడ్డారు గానీ ఇరవై నిమిషాల్లో ఇద్దరి ఓడలూ పోయాయి. ఇక లోపల కూర్చుని చేయగలిగింది ఒక్కటే: బోర్డు మీద ధర మార్చడం. పలక మామూలుగా 40 క్రెడిట్లు. 120 చేశారు. వాళ్ళ ఖజానాలో ఉన్నది 1,35,000.

గంట గడిచింది. ఎవరూ రాలేదు. చెల్లి గోళ్ళు కొరుక్కుంటోంది. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప మాట లేదు.

డెబ్బయ్యో నిమిషంలో రాడార్ అంచున ఒక చిన్న చుక్క. ఇంజిన్ ఆపేసి, వచ్చిన వేగంతో అలాగే జారుతూ వస్తోంది. ఇంజిన్ ఆపితే రాడార్‌లో కనబడే దూరం తగ్గుతుంది, ఆ సంగతి ఆట ఎక్కడా చెప్పదు, ఆడేవాళ్ళు కనిపెట్టుకోవాలి. అనకాపల్లి నుంచి ఆడే ఒక సరకు ఓడ ఆయన. ఈ గుంపుకీ ఆ గుంపుకీ సంబంధం లేదు. పక్క వ్యవస్థలో బోర్డు మీద 120 చూసి, దొరికిన వెయ్యి పలకలూ ఎక్కించుకుని బయల్దేరాడు.

ఆరు ఓడలు బేస్‌కి ఒకే పక్క ఉన్నాయి. ఈయన రెండో పక్క నుంచి జారుకుంటూ వచ్చాడు. 78వ నిమిషంలో రేవు తలుపు తెరుచుకుంది. అప్పటికి కవచం 4,51,200. గోదాంలో మిగిలిన పలకలు 160. అంటే అయిదు నిమిషాల 20 సెకన్లు. 160 కాస్తా 1,160 అయ్యేసరికి చెల్లి గట్టిగా అరిచింది, కింద నుంచి అమ్మ "ఏమైందే" అని కేకేసింది.

1,20,000 తీసుకుని ఆయన బయటికి రాగానే ఒక ఓడ కోపంతో వెంటపడింది. దాదాపు పావుగంట తరిమింది, దొరకలేదు. పదకొండు కొట్టేసరికి భీమిలి కవచం 61,400. లెక్క ప్రకారం 8,000 మిగలాలి. మిగతాదంతా ఆ పావుగంట కోపం.

రాత్రి ఒంటిగంటకి కుర్రాళ్ళ నుంచి మెసేజ్: "అన్నా, ఆ సరకు ఓడ ఆయనెవరో తెలియదు. ఇక ఆయనకి మా బేస్‌లో జీవితాంతం రుసుము లేదు."

మే 25

ముట్టడి వేసినవాళ్ళు కూడా రాశారు. ఆరుగురు రెండు గంటలు కష్టపడి, 50,000 ఫీజు కట్టి ఏమీ మిగల్లేదని. వాళ్ళ మాట కూడా వినాలి. దాడి చేసేవాళ్ళు లేకపోతే ఆ రాత్రి మాకు దొరికేది కాదు.

ఇప్పటిదాకా ముట్టడి ముగియగానే కవచం పూర్తిగా నిండిపోయేది. అది తీసేశాం. ఇక రోజుకి లక్ష పాయింట్ల చొప్పునే మానుతుంది, దానికి రోజుకి 250 పలకలు. మళ్ళీ ముట్టడి వేయాలంటే మూడు రోజులు ఆగాలని బావ, వారం ఆగాలని చెల్లి. మూడైతే భీమిలికి 3,61,400 ఉంటుంది, రెండోసారి ఖాయంగా పోతుంది. చివరికి అయిదు రోజులు. 5,61,400. సగం కంటే కొంచెం తక్కువ. దాడి చేసినవాళ్ళ కష్టం మిగులుతుంది, కుర్రాళ్ళకి తోడు వెతుక్కునే టైమూ ఉంటుంది. ఈ అంకె మీద నాకు పూర్తి నమ్మకం లేదు, ఇంకో నాలుగైదు ముట్టడులు చూడాలి.

జూన్ 2

నిన్న రాత్రి గాలివానకి సర్వర్ కాదు గానీ మా ఇంట్లో కరెంటు పోయింది, అదే వేళకి నేను మొదలుపెట్టిన అప్‌డేట్ సగంలో ఆగిపోయింది. ఆట తొమ్మిది గంటలు మూతపడింది. తిరిగి లేపగానే ప్రతి బేస్ మీదా ఆ తొమ్మిది గంటల ఖర్చు ఒక్కసారిగా పడింది, 270 యూనిట్లు చొప్పున. ప్రతి బేస్‌కీ చివరిసారి లెక్క కట్టిన సమయం రాసుకుని, ఇప్పటికి ఎంత గడిచిందో చూసి కోసేలా కోడ్ ఉంది. గోడ గడియారం నడిచింది, ఆట నడవలేదు. ఆ తేడా నేను చూడలేదు. అందరికీ తిరిగి ఇచ్చేశాం. ఇప్పుడు సర్వర్ తనకంటూ ఒక గడియారం పెట్టుకుంది, ఆట నడిస్తేనే అది నడుస్తుంది. హుద్‌హుద్ నాటి కుర్రాడిని మనసులో పెట్టుకుని మూడుసార్లు ప్లగ్ పీకి పరీక్షించాను.

జూన్ 15

మార్చిలో బేస్‌లు పోయిన 11 మందికీ వాళ్ళ 25 లక్షలు తిరిగి ఇచ్చాం. ఆరుగురు మళ్ళీ పెట్టారు. ఏప్రిల్ 20 నుంచి ఇప్పటిదాకా తనంతట తాను పోయిన బేస్ లేదు. యుద్ధంలో పోయినవి మూడు, ఆ ముగ్గురూ ఇంకా ఆడుతున్నారు.

లంగరులో ఉన్న తొమ్మిదింటిలో ఏడు ఈ వారం మేల్కొన్నాయి. పరీక్షల అబ్బాయి నిన్న రాత్రి తన 'అప్పికొండ' బేస్ తెరిచాడు. మేల్కొనడానికి 24 గంటలు పడుతుంది కాబట్టి ఇవాళ రాత్రి ఎనిమిదికి బోర్డు వెలిగింది. ఆహారం 27, నీళ్ళు 24, ఆక్సిజన్ 26, పలకలు 45. ఎనిమిదీ పదికి మొదటి ఓడ. ఎనిమిదిన్నరకి రేవు బయట నాలుగు వరసలో ఉన్నాయి, బీచ్ రోడ్ నుంచి చూస్తే పోర్టు బయట దీపాలు పెట్టుకుని ఆగి ఉండే ఓడల్లాగే. వాటిలో ఒకటి అనకాపల్లి ఆయనది.

మావయ్య బోటు తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. ఐసు, డీజిలు, పది రోజుల రేషను ఎక్కించడానికి నిన్న నేనూ బావా సాయం వెళ్ళాం, నడుము ఇంకా నొప్పిగానే ఉంది.

రేపటి పని: ఒకే రేవులోకి రెండు ఓడలకి ఒకేసారి అనుమతి వెళ్తోంది. ఇవాళ అప్పికొండ దగ్గర రెండు గుద్దుకోబోయాయి.